పట్టీ మీద పేరు

అనంతపురం మార్కెట్ యార్డుకు చీనీ (బత్తాయి) కాయలు తెచ్చిన రైతుకు, వేలం ముగిసి కాటా అయిన తరువాత, మండీవారు ఇచ్చే కాగితాన్ని పట్టీ అంటారు. మొత్తం బరువు ఎంత, అందులో సూట్ (తరుగు) పేరుతో తీసింది ఎంత, మిగిలిన బరువుకు టన్ను ధర చొప్పున ఎంత వచ్చింది, కమీషను, హమాలీ, అంతకుముందు తీసుకున్న అడ్వాన్సు పోగా చేతికి అందేది ఎంత అన్న వివరాలన్నీ ఆ ఒక్క కాగితం మీద ఉంటాయి. రైతు దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, ఇంట్లో పాసుపుస్తకం పక్కన దాచుకుంటాడు. రెండేళ్ల తరువాత అన్నదమ్ములు లెక్క తేల్చుకునేటప్పుడు బయటికి వచ్చేది కూడా ఆ కాగితమే.

ఈ పట్టీని తయారుచేసే అప్లికేషన్‌ను నేను ఒకే మండీకి రెండుసార్లు రాయవలసి వచ్చింది. మొదటిసారి అప్లికేషన్లు కట్టడానికి కావలసిన పనిముట్లను ముందే అమర్చి ఒక కంపెనీ అమ్మే సొంత ఫ్రేమ్‌వర్క్ మీద రాశాను; రెండోసారి హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ అనే, ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని, బహిరంగ వెబ్ ప్రమాణాల మీద రాశాను. ఈ రెండింటిలో దేన్ని పట్టుకోవాలని జేఎన్‌టీయూలో చదివే పిల్లలు అడిగినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చిన సంగతులను ఈసారి ఒకచోట రాస్తున్నాను.

2016లో మొదటిసారి పనికి కూర్చున్నప్పుడు సీజనుకు ఆరు వారాలే ఉన్నాయి, నాకు సాయంగా ఇంకొకరు లేరు. ఏడాదికి ఇంత అని లైసెన్సు కట్టించుకుని ఆ కంపెనీ ఇచ్చే ఫ్రేమ్‌వర్క్‌లో తెరలను మౌసుతో లాగి అమర్చుకోవచ్చు, ఫోనుకూ కంప్యూటరుకూ ఒకేసారి అప్లికేషన్ సిద్ధమవుతుంది, డేటాను దాచే సర్వరు కూడా వాళ్లదే కాబట్టి ఆ బాధ మనకుండదు. పదకొండు రోజుల్లో లెక్కలు నడిచే స్థితికి వచ్చింది. అప్పటికి నాకున్న అనుభవంతో అదే పనిని వెబ్‌లో చేసి ఉంటే రెండు నెలలైనా పట్టేది, మండీవారు ఇవ్వగలిగిన డబ్బుకు అది గిట్టుబాటు అయ్యేది కాదు. సొంత ఫ్రేమ్‌వర్క్ తీసుకున్నవారందరినీ తెలివితక్కువవారిలా చూపే మాటలు నాకు నచ్చవు, ఎందుకంటే ఆ పదకొండు రోజుల విలువ ఎంతో నాకు తెలుసు.

మొదటి ఇబ్బంది ఎదురైంది రైతు పేరు దగ్గర. తెరమీద తెలుగు చక్కగానే కనబడేది కానీ, పట్టీని అచ్చు వేయడానికి ఆ ఫ్రేమ్‌వర్క్‌లో ఉన్న రిపోర్టు భాగానికి తెలుగు వత్తులు కూర్చడం రాదు. లక్ష్మీనారాయణ అన్న పేరు కాగితం మీద "లక్‌ష్‌మీనారాయణ" అని, వెంకటేశ్వర్లు అన్నది "వెంకటేశ్‌వర్‌లు" అని పడేది. తెలుగు చదవడం వచ్చిన రైతు తన పేరు పొల్లులతో విరిగిపోయి ఉండటం చూసి, ఇది నా పట్టీయేనా అని అడిగేవాడు. నేను కంపెనీకి ఉత్తరం మీద ఉత్తరం రాశాను. పరిశీలిస్తామన్న జవాబు వచ్చింది, పరిశీలన మాత్రం జరగలేదు. ఆ భాగం లోపల ఏముందో నాకు కనబడదు, కాబట్టి నేను సరిచేయలేను. ఇంకొక కంపెనీవారి భాగాన్ని అందులో అమర్చుకోవడానికి దారి లేదు. చివరికి పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి అచ్చు వేశాం. తెలుగునాట, తెలుగు రైతుకు, తెలుగు మండీ ఇచ్చే కాగితం మీద అతని పేరు అతని లిపిలో లేకుండా నాలుగేళ్లు నడిచిందంటే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇందులో సాంకేతికంగా జరిగేది ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బహిరంగ ప్రమాణం అన్న మాటకు అసలు అర్థం ఇక్కడే కనబడుతుంది. ప్రపంచ లిపుల్లోని అక్షరాలకు కంప్యూటరు సంకేతాలను కేటాయించే ప్రమాణం యూనికోడ్. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచే చోటు ఉంది. "క్ష్మి" అని రాసినప్పుడు ఫైలులో ఉండేది క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అనే సంకేతాల వరుస మాత్రమే. వాటిని వత్తులుగా కిందికీ పక్కకూ చేర్చే నియమాలు ఫాంటులో ఉంటాయి, ఆ నియమాలను చదివి అక్షరాన్ని కూర్చే ప్రోగ్రామ్ వేరే ఉంటుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ, అంటే ఇతర ప్రోగ్రాములు వాడుకునే, ఎవరైనా చూసి మార్చుకోగల కోడు. ఫాంటు నియమాల రూపమైన ఓపెన్‌టైప్‌ను 1996లో మైక్రోసాఫ్ట్, అడోబీ కలిసి ప్రకటించాయి. 2007లో అది అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. సంకేతాల వరుస ఒకరి సొత్తు కాదు, ఫాంటు నియమాలు ఒకరి సొత్తు కావు, కూర్చే ప్రోగ్రామును ఎవరైనా తెరిచి చూడవచ్చు. అందుకే ఏ బ్రౌజరులో తెరిచినా లక్ష్మి లక్ష్మిగానే ఉంటుంది.

యూనికోడ్ రాకముందు డీటీపీ సెంటర్లలో పనిచేసినవారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. ఒక్కొక్క ఫాంటు కంపెనీకి ఒక్కొక్క సంకేత పద్ధతి ఉండేది. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ఫైలు తెరిస్తే పెళ్లిపత్రిక బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగలిసిన గజిబిజి కనబడేది. వెబ్‌లో తెలుగు పత్రికలు కూడా కొంతకాలం తమ తమ సొంత ఫాంటులతోనే నడిచాయి; వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి ఫైర్‌ఫాక్స్‌కు పద్మ అనే పొడిగింపును (బ్రౌజరుకు జతచేసుకునే చిన్న ప్రోగ్రామును) తెలుగువారు వాడుకున్నారు. తెలుగు పాఠకులు సొంత పద్ధతికీ బహిరంగ ప్రమాణానికీ తేడాను కళ్లారా చూసినవారు. అప్లికేషన్ల విషయంలోనూ ఉన్నది ఆ తేడాయే.

2020లో రెండో దెబ్బ తగిలింది. ఆ ఫ్రేమ్‌వర్క్ కంపెనీని అంతకుముందే ఇంకొకరు కొన్నారు. కొన్నవారు సర్వరు సేవను ఆరు నెలల్లో మూసేస్తున్నామని మెయిలు పంపారు. డేటాను దింపుకోమని ఒక బటను ఇచ్చారు, కానీ దిగిన ఫైలు వాళ్ల ఫ్రేమ్‌వర్క్ తప్ప ఇంకేదీ చదవలేని రూపంలో ఉంది. పట్టీలను ఒక్కొక్కటిగా తెరమీద తెరిచి, అంకెలను వేరే ఫైలులోకి ఎక్కించడానికి ఇద్దరు పిల్లలను పెట్టుకుని నెలన్నర కూర్చున్నాం. ఒక ఉదయం మండీ యజమాని వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుని, కాసేపు చూసి అన్నాడు: "ఏమప్పా, ఇంగొకని బోరు కింద చీనీ చెట్లు పెట్టినట్టుండాది గదా మన పని. వాడు నీళ్లు ఆపితే మనం యాడికి పోవల్ల?"

నేను అప్పుడు బదులు చెప్పలేకపోయాను. చీనీ మొక్క నాటినవాడు మొదటి కాపు కోసం నాలుగైదేళ్లు ఆగాలి, ఆ తరువాత పదిహేను ఇరవయ్యేళ్లు దాని మీద బతకాలి. అలాంటి చెట్టుకు నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో చూడకుండా నాటేవాడు ఈ జిల్లాలో ఉండడు. మండీ లెక్కలు కూడా అలాంటి చెట్టే. నేను మాత్రం నాటడం ఎంత సులువో చూసుకున్నాను, నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయో చూడలేదు.

అంతకంటె పాత అనుభవం ఒకటి నాకు పాఠం చెప్పి ఉండవలసింది. అదే మండీలో మా కంటే ముందు, డేటాబేసులతో పనిచేయడానికి మైక్రోసాఫ్ట్ అమ్మిన ఫాక్స్‌ప్రోలో రాసిన లెక్కల ప్రోగ్రామ్ నడిచేది. విజువల్ ఫాక్స్‌ప్రోకు తొమ్మిదో కూర్పు తరువాత మరొకటి ఉండదని మైక్రోసాఫ్ట్ 2007లో ప్రకటించింది, 2015 జనవరితో దాని మద్దతు పూర్తిగా ముగిసింది. అదీ ఒక కంపెనీ సొత్తే. అయినా ఆ పాత కంప్యూటరు నుంచి మేము తీసుకున్న డీబీఎఫ్ ఫైళ్లను (ఫాక్స్‌ప్రో డేటా ఫైళ్లను) లిబ్రే ఆఫీసు అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే వరుసలు, నిలువులు, తేదీలు అన్నీ యథాతథంగా వచ్చాయి, ఎందుకంటే ఆ ఫైలు లోపలి అమరిక ఎలా ఉంటుందో ఏళ్ల తరబడి లోకానికి తెలుసు. ఇరవయ్యేళ్ల నాటి డేటా ఒక పూటలో బయటపడింది; నాలుగేళ్ల నాటి డేటాకు నెలన్నర పట్టింది. అప్పటినుంచి ఏ పనిముట్టు ముందు కూర్చున్నా నేను వేసుకునే మొదటి ప్రశ్న, దీన్ని వదిలేసే రోజున నా చేతిలో ఏమి మిగులుతుంది అన్నదే.

వెబ్ ఇంతగా నిలబడటం వెనుక ఒక నిర్ణయం ఉంది. 1990ల మొదట్లో ఇంటర్నెట్‌లో సమాచారం వెతుక్కోవడానికి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంవారి గోఫర్ అనే పద్ధతి ఎక్కువ వాడుకలో ఉండేది. 1993లో ఆ విశ్వవిద్యాలయం గోఫర్ సర్వరుకు కొందరి దగ్గర లైసెన్సు రుసుము వసూలు చేస్తామన్నది. అదే సంవత్సరం ఏప్రిల్ 30న జెనీవా దగ్గరి భౌతికశాస్త్ర పరిశోధనా సంస్థ సెర్న్, టిమ్ బెర్నర్స్-లీ అక్కడ రూపొందించిన వరల్డ్ వైడ్ వెబ్ సాఫ్ట్‌వేర్ మీద తనకు హక్కులేవీ వద్దని వదులుకుంది. జనం ఎటు వెళ్లారో మనం చూస్తూనే ఉన్నాం. వెబ్ ప్రమాణాలను రూపొందించడానికి 1994లో ఏర్పడిన డబ్ల్యూ3సీ సంస్థ, 2004 నాటికి తన ప్రమాణాలను అమలు చేసేవారెవరూ పేటెంటు రుసుము కట్టనక్కరలేని విధానాన్ని తెచ్చుకుంది. మన కేంద్ర ప్రభుత్వం 2010 నవంబరులో ప్రకటించిన ఈ-గవర్నెన్స్ బహిరంగ ప్రమాణాల విధానంలోనూ రాయల్టీ ఉండకూడదన్న నియమం ఉంది.

దీనికి ఎదురు ఉదాహరణగా దక్షిణ కొరియాను చూడాలి. 1990ల చివర అమెరికా ఎగుమతి ఆంక్షల వల్ల బయటి దేశాల బ్రౌజర్లకు బలహీనమైన రహస్య సంకేత పద్ధతే దొరికేది కాబట్టి, కొరియా సీడ్ అనే సొంత పద్ధతిని తయారుచేసుకుని, బ్యాంకు లావాదేవీలకు దాన్ని మైక్రోసాఫ్ట్‌వారి సొంత పద్ధతి అయిన యాక్టివ్‌ఎక్స్ ద్వారా అమర్చింది. ఆనాటికి అది సబబైన నిర్ణయమే. కానీ యాక్టివ్‌ఎక్స్ నడిచేది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులో మాత్రమే. ఆ తరువాత లోకమంతా వేరే బ్రౌజర్లకు, ఫోన్లకు మళ్లినా, అక్కడివారు బ్యాంకు పని కోసం చాలా ఏళ్లు ఆ ఒక్క బ్రౌజరునే పట్టుకుని ఉండవలసి వచ్చింది. ఆ పద్ధతికి ఆధారమైన ఆన్‌లైన్‌లో సంతకంగా చెల్లే అధీకృత సర్టిఫికెట్ల ప్రత్యేక హోదా 2020 డిసెంబరులో గాని తొలగిపోలేదు. ఒక దేశం, తన దగ్గర ఎంత సాంకేతిక శక్తి ఉన్నా, తప్పుకోవడానికి ఇరవయ్యేళ్లు పట్టింది.

2020లో మళ్లీ రాసిన అప్లికేషన్‌ను నేను సాదా వెబ్ పేజీలుగా రాశాను. రైతు వివరాలు నింపే తెర ఒక హెచ్‌టీఎంఎల్ ఫారం. సబ్మిట్ నొక్కితే సర్వరుకు వెళుతుంది, జావాస్క్రిప్ట్ ఆగిపోయినా వెళుతుంది. తేదీ ఎంచుకోవడానికి ఇన్‌పుట్ ట్యాగులో టైపును డేట్ అని పెడితే ఫోనులో ఫోనుకు తగిన క్యాలెండరు, కంప్యూటరులో కంప్యూటరుకు తగినది దానంతటదే వస్తుంది. పాత ఫ్రేమ్‌వర్క్‌లో మొత్తం సొమ్ము మిలియన్ల పద్ధతిలో 1,234,567 అని పడేది, దాన్ని మార్చడానికి నేను వంద వరుసల కోడు రాశాను. బ్రౌజరులో ఇంటల్ అనే ప్రామాణిక సదుపాయానికి భాష తెలుగు, దేశం భారతదేశం అని ఒక్క మాట చెబితే 12,34,567 అని లక్షల దగ్గర కామాతో వస్తుంది. ఇక పట్టీ అచ్చు. సీఎస్ఎస్‌లో కాగితానికి వేరే నియమాలు రాసి, కాగితం కొలత, అంచులు చెప్పి, మండలి అనే తెలుగు ఫాంటు పెట్టి, బ్రౌజరు ప్రింటు ఆజ్ఞనే వాడాను. మొదటి రోజు ప్రింటరులోంచి వచ్చిన కాగితం మీద "లక్ష్మీనారాయణ" అన్న పేరులో క కింద ష వత్తు, దాని పక్కన మ వత్తు కుదురుగా ఉండటం చూసి, ఆ కాగితాన్ని నేను చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాను.

ఇక్కడ పిల్లలు తరచుగా తడబడే ఒక చోటు ఉంది. ఓపెన్ సోర్స్ ఫ్రేమ్‌వర్క్ వేరు, బహిరంగ ప్రమాణం వేరు. ఫ్రేమ్‌వర్క్ కోడు అందరికీ కనబడినా, అది ఎటు నడవాలో నిర్ణయించేది సాధారణంగా ఒక కంపెనీయే. గూగుల్ 2010లో తెచ్చిన యాంగులర్‌జేఎస్ ఓపెన్ సోర్సే. 2016లో దాని తరువాతి రూపం యాంగులర్ పాత కోడుతో పొసగని విధంగా వచ్చింది, 2021 డిసెంబరుతో పాతదానికి మద్దతు ఆగింది. కోడు కళ్లముందున్నా తిరిగి రాసే శ్రమ తప్పలేదు. ఫేస్‌బుక్ తయారుచేసిన రియాక్ట్ కూడా అలాంటి ఓపెన్ సోర్స్ పనిముట్టే. రియాక్ట్‌కు ఫేస్‌బుక్ పెట్టిన పేటెంటు షరతు మీద 2017లో పెద్ద వివాదం నడిచింది; ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు నడిపే అపాచీ ఫౌండేషన్ తన ప్రాజెక్టుల్లో ఆ లైసెన్సును వద్దన్నది, వర్డ్‌ప్రెస్ రియాక్ట్‌ను వదులుకుంటానన్నది, ఆ సెప్టెంబరులోనే ఫేస్‌బుక్ దాన్ని పెద్దగా షరతులు లేని ఎంఐటీ లైసెన్సు కిందికి మార్చింది. బాగానే ముగిసింది కానీ, ఒక కంపెనీ న్యాయవాదుల నిర్ణయం కోసం అంతమంది ఎదురుచూడవలసి వచ్చింది. ప్రమాణం అంటే పరస్పరం పోటీపడే మూడు నాలుగు బ్రౌజర్లు విడివిడిగా అమలు చేసి, ఒకే ఫలితం ఇస్తామని ఒప్పుకున్న రాత. ఫ్రేమ్‌వర్క్‌లు నేనూ వాడతాను; గోడకు వేసే సున్నంలా వాడతాను గాని, పునాదిగా వాడను. దాన్ని తీసేస్తే కింద పేజీ నిలబడుతుందా అని ప్రతి తెర దగ్గరా చూసుకుంటాను.

వెబ్‌లో అన్నీ ఉన్నాయని మాత్రం నేను చెప్పను. మండీలోని ఎలక్ట్రానిక్ కాటా సీరియల్ కేబులు ద్వారా బరువును పంపుతుంది. దాన్ని బ్రౌజరులో నేరుగా చదివే వెబ్ సీరియల్ 2021లో కంప్యూటరు క్రోమ్‌లోకి వచ్చింది గాని ఆపిల్‌వారి బ్రౌజరు సఫారీలో లేదు. ఒక్క బ్రౌజరు కుటుంబం చూపే దారిని ప్రమాణమని నమ్మితే నేను పాత తప్పునే కొత్త పేరుతో చేసినవాణ్ని అవుతాను. అందుకని కాటా పక్కనున్న కంప్యూటరులో బరువు చదివే చిన్న ప్రోగ్రామును వేరుగా రాసి, దాన్ని హెచ్‌టీటీపీ ద్వారా పేజీకి అంకె చెప్పేటట్టు పెట్టాను. రేపు కాటా మారినా, కంప్యూటరు మారినా, పోయేది ఆ చిన్న ప్రోగ్రాము ఒక్కటే.

ఇంకొక చోట వెబ్ నన్ను నిజంగా భయపెట్టింది. నెట్ లేనప్పుడు పట్టీలను ఫోనులోని బ్రౌజరు నిల్వలో ఉంచి తరువాత పంపుదామనుకున్నాను. కానీ 2020 మార్చి నుంచి సఫారీ, తనను వాడిన ఏడు రోజుల్లో ఒక్కసారి కూడా ముట్టని సైటు నిల్వను తుడిచివేస్తుంది; హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్న వెబ్ యాప్‌కు మాత్రమే మినహాయింపు. సీజను మధ్యలో వారం రోజులు ఊరెళ్లిన గుమాస్తా ఫోనులోంచి పంపని పట్టీలు మాయమైతే ఏమవుతుంది? ఆ ఆలోచనతో ఫోను నిల్వను తాత్కాలిక సంచిగా తప్ప వాడవద్దని తీర్మానించుకున్నాను. వెబ్ ప్రమాణాల్లోనూ రాలిపోయేవి ఉంటాయి. వెబ్ ఎస్‌క్యూఎల్ అనే డేటాబేసును అమలు చేసినవారంతా ఒకే డేటాబేసు ప్రోగ్రామైన ఎస్‌క్యూలైట్ మీద ఆధారపడ్డారని, విడివిడి అమలులు లేవని డబ్ల్యూ3సీ 2010లో దాని పని ఆపేసింది. 2023లో క్రోమ్ కూడా దాన్ని తీసేసింది. దాన్ని నమ్ముకున్నవారు నష్టపోయారు. కానీ ఆగిపోయిన ఏడాదికీ తీసేసిన ఏడాదికీ మధ్య పదమూడేళ్లున్నాయి, కారణం బహిరంగంగా రాసి ఉంది, ఇండెక్స్‌డ్‌డీబీ అనే ప్రత్యామ్నాయం పక్కనే ఉంది. నాకు వచ్చిన మెయిలులో ఆరు నెలలు మాత్రమే ఉన్నాయి.

చిన్న ఊరి వ్యాపారికి పని చేసేవారు ఈ గడువును లెక్కలోకి తీసుకోవాలి. హైదరాబాదు, బెంగళూరు కంపెనీలు ఒక ఫ్రేమ్‌వర్క్ పోతే ఇరవైమందిని పెట్టి ఇంకొకదానిలోకి మారతాయి. మండీ యజమాని ఒకసారి డబ్బు ఇచ్చి, పదేళ్లు నడవాలని కోరతాడు. ఆ కోరికలో తప్పేమీ లేదు, ట్రాక్టరు కొన్నవాడు కోరేదీ అదే. అతనికి తెలియని దాన్ని అతని తరఫున తూచవలసిన బాధ్యత రాసేవాడిది. 2016లో నేను ఆ బాధ్యతను తీర్చలేదు. ఆ ఏడాది అతనికి మిగిల్చిన డబ్బు, 2020లో తిరిగి రాయడానికి అయిన దానిలో సగం కూడా లేదు.

ఇప్పుడు ప్రతి సాయంత్రం యార్డు మూతపడ్డాక ఆ రోజు పట్టీలన్నీ ఒక్కొక్కటి ఒక్కొక్క హెచ్‌టీఎంఎల్ ఫైలుగా, రైతు పేరుతో, మండీ కంప్యూటరులోనూ ఒక పెన్‌డ్రైవులోనూ పడతాయి. ఫాంటు కూడా ఆ ఫైలులోనే ఉంటుంది. మొన్న వేసవిలో కరెంటు లేక మా సర్వరు ఒక పూట ఆగిపోయినప్పుడు, ఒక రైతు రెండేళ్ల కిందటి పట్టీ కావాలని వచ్చాడు. మండీ యజమాని నాకు ఫోను చేయలేదు. పెన్‌డ్రైవును మనవడి ఫోనుకు తగిలించి, ఫైలును తెరిచి, పేరు, బరువు, చేతికి అందిన సొమ్ము చదివి వినిపించి, వాట్సాప్‌లో పంపించాడట. నాకు ఆ సంగతి వారం తరువాత, వేరే పని మీద మండీకి వెళ్లినప్పుడు తెలిసింది.